ఎదుగుదల వేళలు, ఏడేళ్ల మౌనం

విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు చాలా కథనాలు వారిని జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువైన మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టినవారిగా పరిచయం చేశాయి. అది నిజమే. అయితే ఆంబ్రోస్ వెతికింది ఆర్‌ఎన్‌ఏ కోసం కాదు. ఎదుగుతున్న జీవిలో ఏ కణం ఏ వేళకు ఏ పని చేయాలో నిర్ణయించేది ఏమిటన్నదే ఆయన ప్రశ్న. ఈ సంగతి మరిచిపోతే, ఆ ఆవిష్కరణకు గుర్తింపు ఎందుకు ఆలస్యమైందో కూడా అర్థం కాదు.

1979లో ఎంఐటీలో డేవిడ్ బాల్టిమోర్ వద్ద పోలియో వైరస్‌పై డాక్టరేట్ పూర్తి చేసిన ఆంబ్రోస్, ఆ తర్వాత అక్కడే రాబర్ట్ హార్విట్జ్ ప్రయోగశాలలో సీ ఎలిగన్స్ అనే నులిపురుగును ఎంచుకున్నారు. మిల్లీమీటరు పొడవున్న ఆ పారదర్శక జీవిలో ప్రతి కణం ఎప్పుడు విభజన చెందుతుందో అప్పటికే నమోదై ఉన్నందువల్ల, వేళ తప్పిన కణాన్ని ఇట్టే గుర్తించవచ్చు. లిన్-4 జన్యువు చెడిన పురుగు తొలి లార్వా దశ విభజనలనే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండిపోతుంది. లిన్-14 పనిచేయకపోతే అందుకు పూర్తిగా విరుద్ధంగా, తొలి దశ పనులను దాటేసి తర్వాతి దశ పనులను ముందే మొదలుపెడుతుంది. మొదటి జన్యువు రెండోదాన్ని అణచివేస్తోందని జన్యుశాస్త్రం చెప్పింది. ఎలాగన్నది మాత్రం చెప్పలేదు.

ఆంబ్రోస్ హార్వర్డ్‌లో సొంత ప్రయోగశాల పెట్టాక, లిన్-4ను సుమారు 700 క్షారాల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కకు కుదించినా అందులో ప్రొటీన్ సంకేతం దొరకలేదు. చివరికి తేలింది 22 న్యూక్లియోటైడ్ల, అంటే 22 అక్షరాల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ. 1992 జూన్‌లో ఆంబ్రోస్, లిన్-14పై పనిచేస్తున్న రవ్‌కన్ తమ క్రమాలను ఇచ్చిపుచ్చుకున్నప్పుడు, లిన్-14 మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యు సంకేతాన్ని మోసే ప్రతి) చివరి భాగంలో ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ జతకట్టగల చోట్లు బయటపడ్డాయి. 1993 డిసెంబరులో ‘సెల్’ పత్రికలో రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. ఆంబ్రోస్ బృందం పత్రంలో మొదటి పేరు ఆయన భార్య రోసలిండ్ లీది. నోబెల్ ఎవరెవరికి దక్కాల్సిందన్న చర్చలో ఆమె పేరు రావడం సహజమే. ఇక హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు. ఆ పత్రం వెలువడే నాటికి ఆయన డార్ట్‌మత్‌కు మారిపోయారు.

ఈ ఆవిష్కరణను పెద్దగా పట్టించుకోని తర్వాతి ఏడేళ్ల మౌనాన్ని శాస్త్రలోకపు అంధత్వంగా వర్ణించడం తేలిక. నా దృష్టిలో ఆ సందేహానికి ఆధారం ఉంది: ఒకే పురుగు, ఒకే జన్యువు, దగ్గరి జాతుల పురుగుల్లో తప్ప మరే జీవిలోనూ కనబడని క్రమం. దాన్ని వింత అనుకోవడంలో తప్పు లేదు. వింత అనుకుని ఇతర జీవుల్లో ఇలాంటి వేరే ఆర్‌ఎన్‌ఏల కోసం వెతకకపోవడమే లోపం. 2000లో రవ్‌కన్ బృందం లెట్-7 అనే మరో చిన్న ఆర్‌ఎన్‌ఏను కనుగొని, అది మనుషులతో సహా ఎన్నో జంతువుల్లో మార్పు లేకుండా ఉందని చూపడంతో పరిస్థితి మారింది. మరుసటి ఏడాదే ఆంబ్రోస్ బృందంతో సహా మూడు బృందాలు ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలను పదుల సంఖ్యలో ప్రకటించాయి.

ఎదుగుదలలో వీటి పాత్ర పురుగుకే పరిమితం కాదని కూడా త్వరలోనే తెలిసింది. వీటిని తయారుచేసే డైసర్ ఎంజైమ్ లేని ఎలుక పిండాలు తొలి దశల్లోనే చనిపోతాయి. జీబ్రాచేప పిండంలో తల్లి నుంచి వచ్చిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను తొలగించి, పిండం సొంత జన్యువులకు దారి ఇచ్చేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-430. వందలాది లక్ష్యాలను ఒక్కసారిగా తాకగల ఈ గుణమే పిండానికి మేలు, ఔషధ పరిశోధకులకు చిక్కు: క్యాన్సర్ రోగులపై మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ను అనుకరించే కృత్రిమ అణువుతో చేపట్టిన తొలి పరీక్షను తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో ఆపేయాల్సి వచ్చింది.