వెదురు బ్రష్షా, గీజర్ స్విచ్చా: వదినా మరిదుల వాదులాట

(హైదరాబాద్, నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్. మరిది ఆర్డర్ పెట్టిన పార్సిల్ వచ్చింది, అందులో వెదురు టూత్‌బ్రష్‌లు, స్టీల్ స్ట్రాలు, కంపోస్ట్ డబ్బా ఉన్నాయి. వదిన బెండకాయలు తరుగుతోంది.)

వదిన: ఇవేంటయ్యా, మనింట్లో స్ట్రా పెట్టుకుని తాగేదెవరు? మజ్జిగైనా మంచినీళ్ళైనా గ్లాసెత్తి తాగేవాళ్ళమే కదా అందరం.

మరిది: ప్లాస్టిక్ తగ్గిద్దామని వదినా. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, థర్మాకోల్ డెకరేషన్లు దేశమంతా బ్యాన్, అయినా మన రోడ్డు మీద ఇస్తూనే ఉన్నారు, ఎక్కడో ఒకచోట మనమే మొదలెట్టాలి కదా.

వదిన: మొదలెట్టు, ఎవరొద్దన్నారు, కానీ వాడని వస్తువు కొనుక్కొచ్చి పొదుపంటే నాకెక్కట్లా. దాన్ని విప్పితే అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టె. బట్టసంచులూ అంతే, పెళ్ళికెళ్తే ఒకటి, చీరల షాపులో ఒకటి, బీరువా కింద కుప్ప పడున్నాయి, బజారుకెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తుండదు.

మరిది: అది ఒప్పుకుంటా. 2011లో ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్క కట్టింది, పల్చటి ప్లాస్టిక్ కవర్ కంటే కాటన్ సంచి వాతావరణానికి మేలు అవ్వాలంటే దాన్ని 131 సార్లు వాడాలంట, పత్తి పండించి బట్ట నేసేసరికి అంత ఖర్చవుతుంది మరి.

వదిన: మా అమ్మ పాత చీర చించి కుట్టిన సంచికి ఆ బాధేం లేదు. చిరిగిన చీర బొంత అయ్యేది, అదీ చిరిగితే మసిగుడ్డ, మిగతావి స్టీలు సామాన్లామెకి వేసి గిన్నె తీసుకునేవాళ్ళం, అప్పుడెవరూ దీన్ని లైఫ్‌స్టైల్ అనలేదు.

మరిది: సరే సంచులొదిలేయండి, ఫ్యాన్ల సంగతి మాట్లాడదాం. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటది, బీఎల్‌డీసీది, అంటే తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది, 30 వాట్లు. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఫ్యాన్‌కి అర యూనిట్ పైనే మిగులుతుంది, నాలుగు ఫ్యాన్లకి నెలకి అరవై యూనిట్లు దాటుతుంది. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్, ఎక్కువ భాగం బొగ్గే కదా.

వదిన: తిరుగుతున్న ఫ్యాన్లు పీకి పారేసి కొత్తవి కొనడం మళ్ళీ! ఇందాకటి స్ట్రాలకీ దీనికీ తేడా ఏంటి?

మరిది: తేడా ఉంది, స్ట్రా కరెంటు తినదు, ఫ్యాన్ రోజూ తింటది. హాల్లోదీ బెడ్‌రూముల్లోవీ మారిస్తే లాభం, పూజగదిలో పావుగంట తిరిగేదాన్ని ముట్టుకోవద్దు. పాతవి పాతసామాన్లాయన తీసుకుంటాడు, లోపల రాగి ఉంటది కాబట్టి ఎక్కడికీ పోదు.

వదిన: ఫ్యాన్ సంగతి బాగానే చెప్పావు. మరి ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, చలేస్తుందని దుప్పటి కప్పుకుని పడుకునేదెవరు? నేనా?

మరిది: ...ఎండాకాలం వదినా.

వదిన: ఎండాకాలానికి దుప్పటెందుకు మరి?

మరిది: సరే ఇరవయ్యారు పెడతా. ఒక డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ, అదే కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ వాళ్ళే చెప్తారు, అందుకే 2020 నుంచి కొత్త ఏసీలన్నీ డిఫాల్ట్‌గా 24లో ఆన్ అవ్వాలని రూల్ పెట్టారు.

వదిన: తెలిసి కూడానా! గీజర్ కూడా, రెండు కిలోవాట్లది అరగంట వేస్తే ఒక యూనిట్, నువ్వు ఆన్ చేసి ఫోన్ చూసుకుంటూ మర్చిపోతే ఆపేది నేను. మే నెలలో ట్యాంకు నీళ్ళే కాలిపోతుంటే దానికి గీజరెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

మరిది: సరే, అన్నీ నా మీదకే వస్తున్నాయి, తడిచెత్త సంగతి చెప్పండి. ఇళ్ళల్లోంచి పోయే చెత్తలో సగం పైన తడిదే, మనం కవర్లో కట్టి ఇస్తే జవహర్‌నగర్ డంప్‌యార్డుకి పోయి గాలాడక కుళ్ళి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అవుతుంది. ఇంట్లో రెండు నెలల్లో ఎరువైపోతుంది.

వదిన: ఎవరు చేస్తారది? పొడిచెత్త వేరు చెయ్యి, తొక్కలు ముక్కలు చెయ్యి, కలుపు, మూత తియ్యి, పురుగులు ఏరు, ఇవన్నీ నువ్వు ఆఫీసుకెళ్ళాక నా చేతికొచ్చే పనులే కదా. ఊళ్ళో అయితే కుడితి గోలెంలో పడేస్తే గేదె తాగేసేది. పైగా మనం రెండు డబ్బాల్లో వేరు చేసి ఇస్తే స్వచ్ఛ ఆటో అబ్బాయి కళ్ళముందే రెండూ కలిపేస్తాడు, ఇంక నాకెందుకు ఈ తిప్పలు?

మరిది: కలిపేస్తున్నారని మనమూ కలిపిస్తే ఆ అబ్బాయి గ్లౌజుల్లేకుండా కుళ్ళిన అన్నంలోంచి సీసాలు ఏరుకోవాలి వదినా, అతనికి డబ్బులొచ్చేది ఆ పొడిచెత్త అమ్మితేనే. వేరుగా ఇచ్చి, కలపొద్దని అడుగుదాం, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో కూడా పెడతా. డబ్బా పని నాది. వాసనొస్తే తడి ఎక్కువైనట్టే, ఎండుటాకులో కొబ్బరిపీచు పొట్టో వేస్తే పోతుంది, పుల్లమజ్జిగ కాస్త చల్లితే తొందరగా మాగుతుంది, వండిన కూరా నూనే పడకపోతే పురుగులూ తక్కువే.

వదిన: నెలరోజులు చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం. నా లెక్కలో ముందు ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ సంగతి చూడాలి. తాగే నీళ్ళు లీటరొస్తే రెండు మూడు లీటర్లు సింకులోకి పోతున్నాయి, మంజీరా నీళ్ళు వచ్చే రోజుల్లో కూడా అదే తిప్పుతున్నాం.

మరిది: టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్‌ఓ వద్దని 2019లో ఎన్జీటీ, అదే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది, యూవీ ఫిల్టర్ చాలు. కానీ మన సంపులో బోరు నీళ్ళు కలుస్తాయి కదా, టీడీఎస్ మీటరొకటి తెచ్చి కొలిచి చూడాలి. పోయే నీళ్ళు మొక్కలకి పోద్దామా?

వదిన: మొక్కలకి ఊరికే పొయ్యకు, ఉప్పెక్కువుంటే ఆకులు మాడిపోతాయి. గచ్చు తుడవడానికీ బాత్రూం కడగడానికీ సరిపోతాయి. ఇన్ని చెప్తావు కానీ మొన్న ఢిల్లీకి ఫ్లైట్‌లో వెళ్ళొచ్చావు కదా, దానికెంత?

మరిది: ...మనిషికి ఒకవైపుకి సుమారు వంద కిలోల కార్బన్ డయాక్సైడ్.

వదిన: అంటే నీ కొత్త ఫ్యాన్లు నాలుగూ కలిసి రెండు నెలలకు పైగా తిరిగి మిగిల్చింది ఒక్క పూటలో పోయింది, పోను మాత్రమే. మనింట్లో పనిచేసే ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు, వాళ్ళింట్లో ఏసీ లేదు, ఆవిడకి చెప్పు నీ వెదురు బ్రష్ గురించి!

మరిది: ఈసారి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తా అంటే లీవెవరిస్తారు వదినా, రెండు రోజులు రైల్లోనే పోతాయి.

వదిన: అది మీ మేనేజర్‌తో తేల్చుకో. ఆర్‌ఓ పైపు కింద బకెట్ పెట్టా, నిండితే తీసి పొయ్యాల్సింది ఇవాళ్టి నుంచి నువ్వు. ఆ స్ట్రాలు రిటర్న్ పెట్టెయ్, ఇంకా టైముంది.