ఆడ డ్రాగన్లకు జరిగిన అన్యాయం

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్. సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి. ఫ్రాన్సు మీద ప్రేమేం లేదు, మార్కులు బాగా పడతాయని తీసుకుంది. సంస్కృతం తీసుకున్నవాళ్లు మాత్రం కాళిదాసు మీద ప్రేమతో తీసుకున్నారా ఏమిటి. మొన్న ఆదివారం లింగాల పాఠం బట్టీ పడుతోంది. మగ సింహం లియోఁ, ఆడ సింహం లియొన్. హఠాత్తుగా తలెత్తి, "మామయ్యా, ఆడ డ్రాగన్‌ని ఏమంటారు?" అంది.

ఇందులో ఆలోచించడానికేముంది, లియోఁకి లియొన్ అయితే డ్రాగోఁకి డ్రాగొన్ అన్నాను, నాకు ఫ్రెంచి వచ్చినట్టు. ఫోన్లో డిక్షనరీ తీసి చూసింది. మాటయితే ఉంది. ఒకప్పుడు కత్తి పిడికి కట్టే కుచ్చుతాడు. ఇప్పుడు స్కీయింగ్ కర్రకో కెమెరాకో ఉండి, మణికట్టుకు తగిలించుకునే పట్టీ. అంటే మొగుడు ఆకాశంలో నిప్పులు కక్కుతూ తిరుగుతుంటే, ఆవిడ కెమెరా కిందపడకుండా చూస్తోందన్నమాట.

నిరుద్యోగం, ధరలు, ట్రాఫిక్ లాంటి చిన్న చిన్న విషయాలను పట్టించుకోవడానికి చాలామంది ఉన్నారు. ఆడ డ్రాగన్ల తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. అందుకే ఈ బాధ్యత నెత్తినేసుకున్నాను.

ఫ్రెంచివాళ్లు ఏ రాక్షసికీ ఏమీ ఇవ్వలేదంటే కళ్లు పోతాయి. మనుషుల్ని తినే ఓగ్ర్‌కు ఓగ్రెస్ ఉంది. 1697లో అచ్చయిన షార్ల్ పెరో కథల్లోనే ఉంది. నిద్రపోయే అందగత్తె కథని మనం పిల్లలకి పెళ్లితో ముగించేస్తాం. పెరో అక్కడ ఆగలేదు. పెళ్లయ్యాక అత్తగారు దిగుతుంది. ఆవిడది ఓగ్ర్‌ల వంశం. నాలుగేళ్ల మనవరాల్ని రేపటి భోజనానికి వండమని, అదీ సాస్ రొబేర్‌తో వండమని ఆర్డరేస్తుంది. ఉల్లిపాయలు, ఆవాల ముద్ద వేసి చేసే సాస్ అది. గోదావరి జిల్లాల్లో పనసపొట్టుకి ఆవ పెడతారే, ఆవిడ మనవరాలికి పెట్టబోయింది. తినేది ఎవర్నయినా, రుచి విషయంలో రాజీ పడలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మనుషుల్ని తినే పనికి స్త్రీలింగం 1697కే సిద్ధం. పుస్తకాలు రాసే పనికి, పాఠం చెప్పే పనికి, మంత్రి పనికి? ఉద్యోగాల పేర్లకు ఆడరూపాలు వాడుకోవచ్చని, భాషకు కాపలా కాసే ఫ్రెంచి అకాడమీ ఒప్పుకున్నది 2019 ఫిబ్రవరి 28న. మధ్యలో 322 ఏళ్లు. తొందరపడి తప్పు చేయకూడదు కదా, పెద్దవాళ్లు.

ఈ అకాడమీ 1635లో పుట్టింది. నలభై కుర్చీలు. కూర్చున్నవాళ్లను 'అమరులు' అంటారు, నేను పెట్టిన పేరు కాదు. పెరో కూడా వాళ్లలో ఒకడే. ఆ అమరుల్లోకి మొదటి మహిళ, మార్గరీత్ యుర్సెనార్, ఎన్నికైంది 1980లో. మన అమరులకు అమృతం వడ్డించిందైనా ఆడరూపం. లోపల ఉన్నది విష్ణుమూర్తి అనుకోండి, అది వేరే సంగతి. ఆ తర్వాత 1999లో ఎలెన్ కారేర్ దాంకోస్ అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయ్యారు, ఆ పదవిలో తొలి మహిళ. ఆవిడ మాత్రం తన హోదాని పుంలింగంలోనే ఉంచమన్నారు. 2014లో ఫ్రెంచి పార్లమెంటులో ఇంకో విడ్డూరం. అధ్యక్ష స్థానంలో ఉన్న మహిళను పట్టుబట్టి పుంలింగంలో సంబోధించిన సభ్యుడికి నెల భత్యంలో నాలుగో వంతు కోసేశారు. ఆడ డ్రాగన్‌ని కెమెరా పట్టీ అన్నవాళ్లకు మాత్రం పైసా జరిమానా లేదు.

స్ఫింక్స్ గొడవ ఇంకా ఘోరం. గ్రీకులో అది పుట్టుకతోనే ఆడది. థీబ్స్ ఊరి బయట కూర్చుని, దారినపోయేవాళ్లకి పొడుపుకథ వేసి, విప్పలేనివాణ్ణి మింగేసేది. ఫ్రెంచిలో అడుగుపెట్టేసరికి పుంలింగం అయిపోయింది. ఇప్పుడు ఆడ స్ఫింక్స్ అని విడిగా చెప్పాలంటే స్ఫాఁజ్ అని ఇంకో మాట. పుట్టింటి ఇల్లు రాయించేసుకుని, అందులోనే వెనక గది ఆడపడుచుకి అద్దెకిచ్చినట్టు.

ఒంటికొమ్ము గుర్రానిది దీనికి తలకిందులు. ఫ్రెంచిలో లికోర్న్ ఎప్పుడూ స్త్రీలింగమే. పారిస్‌లో క్లూనీ మ్యూజియంలో దాని మీద ఆరు పాత తివాసీ చిత్రాలున్నాయి. వాటిలో ఆ జంతువుకి శుభ్రంగా మేకగడ్డం. గడ్డం చూసి కూడా వ్యాకరణం రెప్ప వేయలేదు.

ఇంగ్లిష్‌వాళ్లకు సొంత తోక కూడా మిగల్లేదు. జెయింటెస్, ఓగ్రెస్‌లలోని 'ఎస్' ఫ్రెంచి దగ్గర అప్పు. అప్పు పుట్టనిచోట ముందు 'షీ' తగిలిస్తారు: షీ-డెవిల్, షీ-వుల్ఫ్. మన హైదరాబాద్ షీ టీమ్స్‌కి ముత్తవ్వలన్నమాట. వేర్‌వుల్ఫ్ దగ్గర ఈ చిట్కా కూడా పారదు. పాత ఇంగ్లిష్‌లో వేర్ అంటేనే మగమనిషి. పున్నమి రాత్రి ఒకావిడ తోడేలు కావాలంటే ముందు మగాడు కావాలి, ఆ తర్వాతే తోడేలు. ఫ్రెంచిలో లూగరూ. అందులో 'గరూ' ఒక్కదానికే మనిషితోడేలని అర్థం; దానిముందు మళ్లీ తోడేలు. నడిసెంటర్ అంటామే, అలాగ. ఆడదాని కోసం ముందున్న లూని లూవ్‌గా మార్చారు, వెనకున్న మగాణ్ణి కదపలేకపోయారు.

ఏ గొడవా లేనిది సిరెన్ ఒక్కతే. పాట పాడి ఓడవాళ్లను ముంచే పనికి స్త్రీలింగం అడక్కుండానే ఇచ్చారు. 1819లో కాన్యార్ ద లా తూర్ అనే ఫ్రెంచాయన ఓ మోగే యంత్రం చేసి, నీళ్లలో కూడా పాడుతుంది కదా అని ఆవిడ పేరే పెట్టాడు. మన అంబులెన్సుల మీద అరుస్తున్నది ఆవిడే.

ఇవన్నీ కూర్చి అకాడమీకి అర్జీ మొదలుపెట్టాను, నిన్న సాయంత్రం. "అయ్యా అమరులారా, మా తెలుగు చూసి నేర్చుకోండి. మాకు రాక్షసుడుంటే రాక్షసి ఉంది, యక్షుడుంటే యక్షిణి ఉంది. 1858లోనే మా చిన్నయసూరి బాలవ్యాకరణంతో ఈ లింగాల లెక్కలన్నీ తేల్చేశాడు. ఆడవాళ్లకు మా భాషలో ఇచ్చే గౌరవం..." అని రాస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. మేనకోడలు వెళ్లి తలుపు తీసి, అక్కణ్ణుంచే కేకేసింది:

"మామయ్యా, అత్తయ్య వచ్చింది. గ్యాస్ బండ వచ్చింది. బండ తెచ్చినబ్బాయి కూడా వచ్చాడు."

అర్జీ ఆ వాక్యం దగ్గరే ఉంది.