కలల గురించి అడగని వైద్యం

‘నిద్ర పడుతోందా?’ అని అడిగే డాక్టర్లు ‘కలలు వస్తున్నాయా?’ అని అడగడం అరుదు. అందుకే పీడకలల బాధితులు తాయెత్తుకో, నిద్రమాత్రకో పరిమితమవుతున్నారు. ఎప్పుడో ఒకసారి వచ్చే కలతో ఇబ్బంది లేదు. అదే కల వారంలో పలుమార్లు వెంటాడి, పడుకోవాలంటేనే భయం పుడితే మాత్రం చికిత్స తప్పనిసరి. ఆత్మహత్య ఆలోచనలకూ తరచూ వచ్చే పీడకలలకూ సంబంధముందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆ చికిత్స పేరు ఇమేజరీ రిహార్సల్ థెరపీ. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో పీడకలలకు గట్టిగా సిఫార్సు చేసింది దీన్నొక్కదాన్నే. మాజీ సైనికులపై జరిపిన పెద్ద పరీక్షలో పీడకలలకు వాడే ప్రజోసిన్ మాత్ర, మందు లేని ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదని తేలిందీ ఆ ఏడాదే.

ఈ థెరపీలో పనంతా పగటిపూటే. కలను కాగితం మీద రాసి, నచ్చినచోట మార్చాలి. చెరువు కట్ట తెగి నీళ్లు తరుముకొచ్చే కలైతే, నీళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోవచ్చు, పక్కనే డాబా మెట్లు కనిపించవచ్చు. ఆ మెట్ల చల్లదనం పాదాలకు తగిలేంత స్పష్టంగా కొత్త కలను రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించాలి. పాత కలను మాత్రం మళ్లీ నెమరువేయకూడదు.

తప్పులు జరిగేదీ ఇక్కడే. అత్యాచారమో, ప్రమాదమో మిగిల్చిన అతి భయంకరమైన కలతోనే మొదలుపెడితే రోగి తట్టుకోలేక మధ్యలో మానేస్తారు. చిన్న కలతో చేయి తిరగాలి. మార్పును థెరపిస్టు చెప్పి రాయించినా పట్టు దొరకదు. రోగికి తోచిందే, అది ఎంత వింతగా ఉన్నా సరే, రాయనివ్వాలి.

అన్నిటికీ ఇదే మందు కాదు. తొలిజాములో కేకలేసి, తెల్లారి ఏమీ గుర్తులేని పిల్లలది వేరే సమస్య. నిద్రలో చేతులూ కాళ్లూ విసిరే పెద్దవయసువారిని న్యూరాలజిస్టుకు చూపించాలి. ప్రొప్రనొలాల్ వంటి బీపీ మందులు, హఠాత్తుగా మద్యం మానడం కూడా పీడకలలు తెప్పించవచ్చు.

కొద్ది సిట్టింగులతో నేర్పగలిగే ఈ పద్ధతికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని సైకాలజిస్టులకు, నర్సులకు, 14416 నంబరులో పలికే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ కౌన్సెలర్లకు ప్రభుత్వాలు దీన్ని నేర్పించాలి. ఓపీ చీటీలో కలల గురించిన ప్రశ్న ఒకటి చేర్చడానికి బడ్జెట్ కూడా అడ్డంకి కాదు.