మండేది ప్లాస్టిక్, పేరు పచ్చ కరెంటు

నగరం చెత్త పోసే కొడుంగైయూరులో ఆ చెత్త కాల్చి విద్యుత్తు తీయాలన్న చెన్నై కార్పొరేషన్ ప్రతిపాదన వద్దని ఉత్తర చెన్నై 2025 మే నెలలో మానవహారం కట్టి చెప్పింది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ విద్యుత్తుకు పెట్టిన పేరు. ప్రభుత్వ లెక్కల్లో అది జీవ ఇంధనం సరసన నిలిచిన పునరుత్పాదక విద్యుత్తు. ఈ పేరు ఇక్కడ చెల్లితే రేపు ప్రతి మునిసిపాలిటీ ఇదే పేరు చెప్పి తన కొలిమి వెలిగించుకుంటుంది.

తడి కట్టెల పొయ్యి ముందు కళ్లు నులుముకున్నవారికి ఈ రసాయన శాస్త్రం కొత్త కాదు. మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు, అరటాకులు, వాడిన పూలు. వాటి బరువులో అధిక భాగం నీరే. కిలో నీరు ఆవిరి కావడానికే సుమారు 540 కిలోకాలరీల వేడి ఖర్చవుతుంది. వేరు చేయని మన చెత్త కిలో కాలిస్తే వచ్చేది వెయ్యికి అటూ ఇటూ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు విద్యుత్తుకు పంపమన్నది 1,500 కిలోకాలరీలు, ఆపైన ఇచ్చే, మరోలా పనికిరాని చెత్తను. మరి ఆ లోటు పూడ్చే వేడి ఎక్కడిది? ప్లాస్టిక్‌ది. కిలో పాలిథిన్‌లో దాదాపు 11,000 కిలోకాలరీలుంటాయి, బొగ్గులో కంటే ఎక్కువ.

పాలిథిన్ పుట్టింది ముడిచమురు నుంచి. వరి ఊక కాలినప్పుడు వెలువడే కార్బన్ ఆ పైరు నిన్నమొన్న గాలి నుంచి తీసుకున్నదే. ప్లాస్టిక్ కాలితే వెలువడేది కోట్ల ఏళ్లుగా భూగర్భంలో ఉన్న కార్బన్. మణలి రిఫైనరీ పొగను ఎవరూ పచ్చ ఇంధనం అనరు. అదే చమురు సంచీగా మారి, మన వంటింటి మీదుగా కొడుంగైయూరు చేరేసరికి పచ్చబడుతుందా?

క్లోరిన్ ఉండే పీవీసీ ప్లాస్టిక్ కలిసిన చెత్త కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. 850 డిగ్రీలకు తగ్గని వేడిలో కనీసం రెండు సెకన్లు ఉంటే అవి విరిగిపోతాయి. పొగ చల్లారుతూ 450, 200 డిగ్రీల నడుమ ఆలస్యం చేస్తే మళ్లీ కూడుకుంటాయి. తడి చెత్త పడ్డ ప్రతిసారీ కొలిమి వేడి తగ్గుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఆధునిక వడపోతలు ఉంటాయని, డంపింగ్ యార్డులో చోటు లేదని అధికారులు అంటున్నారు. చోటు లేదన్నది నిజం. అయితే ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు మూడు వారాలకే మూలపడిందన్నదీ నిజమే. యంత్రం మంచిదే, మన చెత్తే మండలేదు.

ఆ పాఠం నేర్వకపోగా పేర్లు మారుస్తున్నారు. కాలుష్యం ఎక్కువగా చేసే పరిశ్రమల ‘ఎర్ర’ వర్గంలో ఉన్న చెత్త విద్యుత్ ప్లాంట్లను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2025లో ‘నీలం’ అనే కొత్త వర్గంలోకి మార్చింది. వాటి కరెంటు మొత్తాన్ని డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) కొనితీరాలని 2016 టారిఫ్ విధానం అప్పటికే చెప్పింది. రంగు మారింది, బేరం కుదిరింది, పొగ మాత్రం అదే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2019 జనవరి 1 నుంచి నిషేధించిన రాష్ట్రం ఇది. నిషేధం నిజంగా అమలైతే కొలిమికి మేత ఉండదు. కొలిమికి మేత కావాలంటే నిషేధం కాగితం మీదే ఉండాలి. రెంటిలో ఏది నిజమో ప్రభుత్వం చెప్పాలి.

తడి చెత్తకు దారి లేదా? ఉంది. గాలి చొరబడని తొట్టెలో సూక్ష్మజీవులు దాన్ని మొదట ఆమ్లాలుగా, ఆపైన మీథేన్‌గా మారుస్తాయి. వచ్చే వాయువులో దాదాపు 60 శాతం మీథేనే. నీరు ఇక్కడ శత్రువు కాదు, అవసరం. కానీ తొట్టెను అతిగా మేపితే దోసె పిండి పులిసినట్టు ఆమ్లాలు పెరిగి మీథేన్ జీవులు చచ్చిపోతాయి. ప్లాస్టిక్, ఇసుక కలిస్తే గొట్టాలు పూడిపోతాయి. చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్ వ్యర్థాలతో రోజుకు 30 టన్నుల ఇలాంటి ప్లాంటు పెట్టి దాదాపు ఇరవై ఏళ్లయింది. అది నిలకడగా నడవలేదు. దాన్ని బాగుచేయాలన్న పట్టుదల కొలిమి మీద ఉన్నంత లేదు.

వేరు చేయడమే ప్రాణం. ఆ పని చేసే చేతుల్లో తరతరాలుగా ఈ నగరం చెత్త ఎత్తుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. రాయపురం, తిరు.వి.క.నగర్ జోన్ల పనిని ప్రైవేటుకు అప్పగించవద్దని కార్మికులు 2025 ఆగస్టులో కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ భవనం ముందు పదమూడు రోజులు కూర్చుంటే, అర్ధరాత్రి పోలీసులతో లేపి పంపించారు. చెత్త వేరు చేయగల మనుషులను రోడ్డు మీద నిలబెట్టి, వేరు చేయని చెత్తకు కొలిమి కడతారా?

కార్పొరేషన్ ముందుగా ఆ పచ్చ పేరు తీసేయాలి. కొలిమికి పంపదలచిన చెత్తలో తేమ ఎంత, ప్లాస్టిక్ ఎంత, మిగిలే బూడిద ఎక్కడ పోస్తారు అన్న లెక్కలను కొడుంగైయూరు, వ్యాసర్పాడి వీధుల్లో తమిళంలో, తెలుగులో గోడల మీద రాయించాలి. ఆ మాత్రం లెక్క చెప్పడానికి జంకేవారికి, ఉత్తర చెన్నై పిల్లల ఊపిరి మీద ఇంకో పొగగొట్టం లేపే హక్కు ఎవరిచ్చారు?