గడువు నాలుగున్నర గంటలుండగా తొందరెందుకు?

పక్షవాతం వచ్చిన మనిషిని ‘వెంటనే’ ఆసుపత్రికి తీసుకురావాలని వైద్యులు పదే పదే చేస్తున్న విజ్ఞప్తిలో కుటుంబ వ్యవస్థ పట్ల గౌరవం కొరవడిందని సవినయంగా మనవి చేయదలచుకున్నాను. ఇంటి పెద్దాయన మూతి ఒక పక్కకు లాగి, కుడిచెయ్యి వాలిపోయి, మాట ముద్దగా వస్తున్నప్పుడు ఆ ఇంట్లోవాళ్ళకు చేతినిండా పని ఉంటుంది. ఆయనను పడుకోబెట్టాలి, ఫ్యాను వేయాలి, అరచేతులు రుద్దాలి, వేరే ఊళ్ళో ఉన్న పెద్దల్లుడికి ఫోను చేయాలి, ఆయన ఎత్తకపోతే ఎత్తేదాకా చేయాలి, ఎందుకంటే అల్లుడితో ఒక మాట చెప్పకుండా అంబులెన్సు పిలిచారన్న నింద మెదడు దెబ్బతినడం కన్నా ఎక్కువ కాలం మిగిలిపోతుంది.

ఈ లోగా మెదడులో ఏం జరుగుతుందో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 2006లో లెక్కగట్టాడు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన రోగికి చికిత్స అందకపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు, 1,400 కోట్ల నాడీసంధులు, 12 కిలోమీటర్ల నాడీతంతువులు నశిస్తాయట. ఆ లెక్కన నలభై నిమిషాలపాటు సాగిన కుటుంబ సమావేశానికి అయ్యే ఖర్చు 7 కోట్ల 60 లక్షల కణాలు. ఇంత భారీ వ్యయంతో జరిగిన సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించే తీర్మానం సాధారణంగా ఒక్కటే: ‘కాసేపు చూద్దాం.’ చికిత్స లేని ప్రతి గంటా మెదడును 3.6 ఏళ్ళు ముసలిదాన్ని చేస్తుందని కూడా ఆయనే తేల్చాడు. వయసు పెరిగితే పెద్దరికం వస్తుందని నమ్మే మనకు గంటకు మూడున్నరేళ్ళ చొప్పున పెద్దరికం దక్కుతుంటే ఫిర్యాదు దేనికో అర్థం కాదు.

అసలు తప్పంతా పక్షవాతానిదే. దానికి నొప్పి పెట్టడం చేతకాదు. పన్ను సలిపితే అర్ధరాత్రి డాక్టరు తలుపు తట్టే మనిషి, మెదడులో ఒక భాగం ఆరిపోతుంటే తిమ్మిరి అనుకుని చెయ్యి విదిలించుకుంటాడు, ఎందుకంటే మెదడు కణజాలానికి నొప్పిని గ్రహించే శక్తి లేదు. అరిచి గోల చేయని జబ్బును ఎవరు పట్టించుకుంటారు? రాత్రి చెయ్యి ఒత్తుకుని పడుకున్నాడనో, నిద్ర చాలక మాట తడబడిందనో ఇంట్లో అప్పటికే నిర్ధారణ జరిగిపోయి ఉంటుంది. నవ్వమని అడిగి మూతి చూడండి, రెండు చేతులూ ఎత్తమని ఒకటి కిందికి జారుతుందేమో చూడండి, ఒక వాక్యం చెప్పించి మాట వినండి అని వైద్యులు అంటారు గాని, ఒంట్లో బాగాలేని పెద్దాయనను పట్టుకుని నవ్వమనడం ఏం మర్యాద?

ఇక గడువు సంగతి. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను 3 గంటల్లోపు ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో రుజువైంది. 2008లో ఐరోపా ప్రయోగం ఒకటి ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. గడువు అన్నది ఆఖరి నిమిషంలో వచ్చేవారి కోసమే పుట్టిందని రుసుములు కట్టే వరుసల్లో జీవితమంతా నేర్చుకున్న మనం, దాన్ని పూర్తిగా వాడుకోకపోతే నష్టపోయినట్టే భావిస్తాం. మొదటి గంటలో వేసిన సూదికీ నాలుగో గంటలో వేసిన సూదికీ ఫలితంలో చాలా తేడా ఉంటుందన్నది వైద్యుల గోల. కాలిలోని నాళం గుండా సన్నని గొట్టాన్ని మెదడుదాకా పంపి గడ్డను బయటికి లాగే చికిత్సను కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చని 2018లో తేలినప్పుడు నిదానవాదుల నెత్తిన పాలు పోసినట్టయింది. మెదడులో కాపాడుకోదగిన భాగం ఇంకా మిగిలి ఉన్నట్టు స్కానింగులో కనిపిస్తేనే ఆ అవకాశమన్న షరతును మాత్రం ఎవరూ చదవలేదు.

పక్కింటాయన ప్రస్తావన లేకుండా ఈ వ్యాసం అసంపూర్ణం. ఆసుపత్రిలో ముందు సీటీ స్కాన్ తీస్తారు. నాళంలో గడ్డ అడ్డుపడిందా, నాళం చిట్లి రక్తం కారుతోందా అన్నది తేలాలి, ఎందుకంటే మొదటిదానిలో ప్రాణం నిలిపే మందు రెండోదానిలో ప్రాణం తీయగలదు. పక్కింటాయనకు ఇవేవీ అక్కరలేదు. ముఖం చూస్తూనే ఆయన తన జేబులోని ఆస్పిరిన్ బిళ్ళ తీసి గ్లాసుడు నీళ్ళతో మింగిస్తాడు. మింగే కండరాలు పట్టు తప్పిన మనిషికి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. రక్తపోటు ఎక్కువగా ఉందని తన మాత్ర కూడా ఒకటి అప్పిస్తాడు. మూసుకుపోయిన దారిలో ఎలాగోలా నాలుగు చుక్కల రక్తం నెట్టుకురావడానికే శరీరం ఆ పోటు పెంచుకుందని ఆయనకు చెప్పేంత ధైర్యం ఎవరికుంది?

ఒక్కోసారి లక్షణాలు పది నిమిషాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. వైద్యులు దీన్ని రాబోయే పెద్ద దెబ్బకు ముందస్తు హెచ్చరికగా భావించి, ఆ తర్వాతి రెండు రోజులూ అత్యంత ప్రమాదకరమని భయపెడతారు. ఇంట్లోవాళ్ళు మాత్రం ‘కాసేపు చూద్దాం’ అన్నందుకే తగ్గిందని గర్వపడి, ఆ తీర్మానాన్ని శాశ్వత విధానంగా ఖరారు చేస్తారు.

చివరకు బయలుదేరడం జరుగుతుంది. అత్యవసర విభాగంలో యువ వైద్యురాలు ఆస్తిపాస్తులూ, బంధుత్వాలూ, పెద్దల్లుడి అభిప్రాయమూ అడగక ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది: ‘ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?’ గడియారం మనం కనిపెట్టిన క్షణం నుంచి కాకుండా ఆ క్షణం నుంచి నడుస్తుంది. రాత్రి పదింటికి మామూలుగా పడుకుని ఉదయం ఆరింటికి ఈ స్థితిలో లేచినవారికి లెక్క పదింటి నుంచే మొదలవుతుంది. పెద్ద కోడలు తొమ్మిదన్నర అంది. కొడుకు పదిన్నర అన్నాడు. ఆ సంగతి తేల్చడానికి పెద్దల్లుడికి మళ్ళీ ఫోను చేశారు.