మూపురం సీటు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మూపురం సీటు గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి, తమను స్వహస్తాలతో తయారు చేసిన వాడు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు నా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మీద కొలువుదీరిన నాటి నుంచి ఇంటిల్లిపాదీ ఆటోలలోనే తిరుగుతున్నాం.

తమ వంశచరిత్ర నేను ఎరగనిది కాదు. 1950, 60 దశకాల్లో లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కనున్న ఏస్ కెఫే దగ్గర చేరిన కుర్రకారు, తమ బళ్లను పందెపు బళ్లలా మార్చుకుని గంటకు 100 మైళ్లు దాటించాలని తపించారు. బరువు తగ్గడానికి అక్కరలేనివన్నీ ఊడబీకారు, గాలికి ఒదిగి కూర్చోవడానికి హ్యాండిల్‌ను కిందికి దించి ఫుట్‌రెస్టులను వెనక్కి జరిపారు, ఇంజను ఒక్క ఉదుటున లాగినప్పుడు మనిషి వెనక్కి జారిపోకుండా సీటు చివర తమవంటి మూపురాన్ని నిలబెట్టారు. అంతా సహేతుకమే. అయితే వారిది వంద మైళ్ల లెక్క, నాది వంద సీసీల లెక్క, అందులోనూ నిక్కచ్చిగా కొలిస్తే రెండు తక్కువ. నా ఇంజనులోని పదకొండు గుర్రాలు నన్ను వెనక్కి జార్చిన సందర్భం ఇంతవరకు రాలేదు. కరకంబాడి రోడ్డు గతుకులు మాత్రం చాలాసార్లు పైకి ఎగరేశాయి. ఆ దిక్కున తమరు చేయగలిగిన సాయమేమీ లేదు.

తమ జననం గుర్తు చేసుకుంటే ఇప్పటికీ ఒళ్లు దురద పెడుతుంది. మొదట థర్మోకోల్ దిమ్మను తమ ఆకారంలో చెక్కి, దాని మీద గ్లాస్ ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ జిగురు పూశాను. రెజిన్ తగలగానే థర్మోకోల్ కరిగిపోతుందని అప్పటికి నాకు తెలియదు. వారం రోజులు చెక్కిన మూపురం కళ్లముందే ఎండలో పెట్టిన బెల్లంలా కుంగిపోయింది. రెండోసారి దిమ్మకంతా టేపు చుట్టాను. ఈసారి మే నెల ఎండను లెక్కలోకి తీసుకోకుండా సీసా మీద రాసినంత హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపేసరికి, బ్రష్షు అందుకునేలోగా మగ్గులోనే రెజిన్ బిగుసుకుని పొగలు కక్కింది. ఆ మగ్గు మా బాత్రూముది. మూడోసారి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మందు తగ్గించి కలిపి, తమను భూమి మీదికి తెచ్చాను. ఆ తర్వాత పది రోజుల పాటు ఉప్పుకాగితంతో అరగదీస్తుంటే రాలిన పొడి నా చొక్కాలకే కాక ఇంట్లో అందరి దుప్పట్లకూ పట్టింది. స్పంజి మాత్రం అంగుళానికి మించితే అందం చెడుతుందని, నా వెన్నెముకను సంప్రదించకుండా నేనే నిర్ణయించాను.

తమ మొదటి దర్శనానికి మా అవ్వ వాకిట్లోకి వచ్చి, "ఈ బండికి గూని ఎప్పుడొచ్చింది నాయనా?" అని అడిగింది. మా ఆవిడ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నేనెక్కడ కూర్చోవాలండీ?" అని మాత్రమే అంది. తమ కడుపులో బ్యాటరీ ఉందని, అది చాలా పకడ్బందీ ఏర్పాటని నేను వివరించాను. ఆమె ఆ వివరణకు ముగ్ధురాలైనట్లు కనిపించలేదు.

ప్రభుత్వానికి తమ మీద ఉన్న అభిమానం వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చరాదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో నా బండికి ఇద్దరు కూర్చునే యోగ్యత ఉంది. కనుక బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ఎక్కడ కాపు కాస్తారో తెలుసుకుని, సందుల్లోంచి సందుల్లోకి, గంటకు ఇరవై కిలోమీటర్ల మహావేగంతో తమను ఊరేగిస్తున్నాను.

ఏస్ కెఫేలో నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్సు మీద పాట వేసి, అది ముగిసేలోగా ఒక చుట్టు చుట్టి రావాలని పందెం కాసేవారని చెబుతారు. మా అలిపిరిలో పందెం తలకిందులు: వాహనాలు కొండ ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదు, ముందే చేరినవాడికి జరిమానా. తమవంటి వేగమూర్తి వచ్చి వచ్చి ఇలాంటి ఊళ్లో అవతరించడం ఏ జన్మలో చేసుకున్న పాపమో!

ఇక అసలు విన్నపం. ఆదివారం మా అత్తగారు రేణిగుంటలో రైలు దిగుతున్నారు. బండి ఉండగా ఆటో ఎందుకని ఆమె ఇప్పటికే ఫోనులో అడిగారు. అందువల్ల తమ నాలుగు బోల్టులు విప్పి, పాత సీటును తాత్కాలికంగా బిగించుకోవడానికి అనుమతించవలసిందిగా ప్రార్థన. ఇందులో రెండు చిక్కులున్నాయి. పాత సీటు మీద కూర్చుని అవ్వ చింతపండు గింజలు తీస్తోంది, పీట కంటే మెత్తగా ఉందని లేవనంటోంది. రెండోది, తమ సోయగం కోసం ఫ్రేము వెనకభాగాన్ని నేను ఆరంగుళాలు కోసి పారేశాను. ఆ ముక్కను ప్రస్తుతం మా ఆవిడ మల్లెతీగకు ఆసరాగా పాతింది, తీగ కూడా దాన్ని అల్లుకుంది.

ఇట్లు,
తమ శిల్పి,
ఆటోస్టాండు నుంచి.