రాక్ చచ్చిపోయిందట! సరే, ముందు నా గిటార్ పెడల్ నాకివ్వండి

ఇప్పుడే ఇంటికొచ్చాను. రాత్రి పన్నెండున్నర. ఒళ్ళు మండిపోతోంది, నిద్ర రాదు, అందుకే రాస్తున్నా. నచ్చనివాళ్ళు మ్యూట్ చేసుకోండి, ఏమీ అనుకోను.

ఒక పబ్‌వాళ్ళు "రాక్ నైట్" అని పోస్టర్ వేశారు. పోస్టర్ నిండా మంటలు, మంటల్లో గిటార్, గిటార్ కింద పుర్రె. తలకి 1,500. ఇంట్లో "ఈ వయసులో ఇవేం వేషాలు" అంటున్నా వినకుండా నల్ల టీషర్టు తొడుక్కున్నాను. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బెంగళూరొచ్చినప్పుడు ప్యాలెస్ గ్రౌండ్స్ బయట కొన్నది. ఇప్పుడు పొట్ట దగ్గర బిగుసుకుపోయింది, ఆ సంగతి వదిలేద్దాం. మా మేనల్లుణ్ణి వెంటేసుకుని, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటన్నర ఈది అక్కడికి చేరాను.

స్టేజీ మీద ఒక కుర్రాడు, ఒక లాప్‌టాప్. అంతే.

గిటార్ అస్సలు లేదని అబద్ధం చెప్పను. ఉంది. గోడకి మేకు కొట్టి తగిలించారు. దానికి నాలుగు తీగలే ఉన్నాయి.

మేనేజర్ దగ్గరికెళ్ళి "బ్యాండ్ ఎప్పుడొస్తుంది తమ్ముడూ?" అని మర్యాదగానే అడిగాను. "ఇదే సార్ బ్యాండ్" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "రాక్ ఇప్పుడెవరు వింటున్నారు సార్, అది చచ్చిపోయింది కదా" అని ఓదార్చాడు కూడా. పక్కనుంచి మా మేనల్లుడు, బీటెక్ మూడో సంవత్సరం, "అవును మావయ్యా, డెడ్" అన్నాడు. వాడి 1,500 కూడా నేనే కట్టాను.

నాకర్థం కానిది ఒక్కటే. శవం ఎవరికీ కనబడదు, పెద్దకర్మ భోజనాలకి మాత్రం ఎప్పుడు చూసినా విస్తళ్ళు వేసే ఉంటాయి. 2014లో కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్ ఒక ఇంటర్వ్యూలో రాక్ చచ్చిపోయిందని తేల్చేశాడు. తేల్చేసి ఇంట్లో కూర్చున్నాడా? వీడ్కోలు యాత్ర అని పేరు పెట్టి, మొహానికి రంగేసుకుని, 2023 డిసెంబర్ దాకా ఊరూరా తిరిగి టికెట్లు అమ్ముకున్నాడు. చచ్చినవాళ్ళ పేరు మీద అంత వసూలు చెయ్యాలంటే మా ఎమ్మార్వో ఆఫీసులో వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు.

2017లో అమెరికాలో హిప్‌హాప్, ఆర్ అండ్ బీ కలిసి రాక్‌ని దాటేశాయని లెక్కలొచ్చాయి. నిజమే, కాదనను. మరుసటేడు గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ రెండు వార్తలూ నాకు కనీసం నలభై మంది ఫార్వర్డ్ చేశారు, నేనేదో ఆ ఇంటి అల్లుడినైనట్టు. మరి 2020లో జనం ఇళ్ళల్లో కూర్చుని గిటార్లు కొంటే, ఫెండర్ కంపెనీ తన చరిత్రలోనే ఎక్కువ అమ్మకాలు చేసింది కదా. అదెవరు పంపారు? ఒక్కరూ లేరు.

గిబ్సన్ అంటే గుర్తొచ్చింది, నా మొదటి గిటార్ గివ్సన్. అచ్చుతప్పు కాదు, "వి"నే. కోఠిలో కొన్నాను. తీగకీ ఫ్రెట్‌బోర్డుకీ మధ్యలోంచి షేర్ ఆటో పోయేది. బార్ కార్డ్, అంటే ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టడం, పట్టేసరికి వేళ్ళు తెగేవి. ఆ గిటార్ మీద నేర్చుకున్నవాడికి జీవితంలో ఇంకేదీ కష్టం అనిపించదు. ఈ పూట తప్ప.

సరే, విషయానికొద్దాం. మారింది సంగీతం కాదు, ఖర్చు. నలుగురితో బ్యాండ్ నడపాలంటే ఒక రూమ్ కావాలి, డ్రమ్ సెట్ కావాలి, ఆంప్‌లు (గిటార్ స్పీకర్ డబ్బాలు) మొయ్యడానికి ట్రాలీ ఆటో కావాలి, పక్కింటాయన బీపీ మన చేతుల్లో ఉండాలి. వచ్చిన డబ్బులు నాలుగు వాటాలు వెయ్యాలి. లాప్‌టాప్ కుర్రాడికి ఒక ప్లగ్ పాయింట్ చాలు. పబ్ ఓనరైనా, మ్యూజిక్ కంపెనీవాడైనా ఎవర్ని పిలుస్తాడు? పైగా స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే లెక్కలోకొస్తుంది. అందుకే ఇప్పటి పాటలకి ఇంట్రో ఉండదు, సోలో ఉండదు, మొదటి సెకన్లోనే మీద పడతాయి. మేం విన్న పాటల్లో 30 సెకన్లకి డ్రమ్మర్ ఇంకా స్టూలు సర్దుకుంటూ ఉంటాడు.

ఇంతకీ అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో తగిలింది. కార్లో మావాడు బ్లూటూత్ కలిపి ఏదో పెట్టాడు. మొదటి దెబ్బకే గుర్తుపట్టాను, మెటాలికా బ్యాండ్ "మాస్టర్ ఆఫ్ పపెట్స్". కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒరేయ్, నువ్వు మెటాలికా వింటావా!" అన్నాను. "మెటాలికా ఏంటి మావయ్యా, ఇది స్ట్రేంజర్ థింగ్స్ పాట" అన్నాడు. 1986 పాట! 2022లో ఆ సీరియల్లో వాడేసరికి మళ్ళీ చార్టులెక్కింది, వీడికేమో అప్పుడే పుట్టింది. ఈ పాట కోసం 2011 అక్టోబర్లో నేను బాస్‌కి అమ్మమ్మ పోయిందని చెప్పి బెంగళూరెళ్ళాను. (అమ్మమ్మ ఇప్పటికీ దివ్యంగా ఉంది. ఈ పోస్టు ఆమెకి ఎవరూ చూపించొద్దు.) రెండు రోజుల ముందు గుర్గావ్‌లో షో ఆపేస్తే జనం స్టేజీ విరగ్గొట్టారని వార్తలొచ్చినా ఆగలేదు. కాచిగూడలో రైలెక్కి, బురదలో నిలబడి చూశాను. మన హైదరాబాద్ రాక్ అభిమాని బతుకే అంత. బెంగళూరు వాళ్ళకి షో, మనకి రైలు టికెట్.

మావాడికి నేనొక్కటే చెప్పాను. రాక్ డెడ్ అన్న నోటితోనే అరగంటలో మెటాలికా పెట్టావు చూడు, చచ్చిందో బతికిందో నువ్వే తేల్చుకో అని. ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు.

అసలు మన సినిమాలు చూడండి. హీరో కారు దిగితే డిస్టార్షన్ గిటార్, అదే, సౌండ్ కావాలని గరగరలాడించేది. అద్దాలు తీస్తే డిస్టార్షన్. విలన్ తమ్ముడు ఎగిరి టాటా సుమో మీద పడితే డిస్టార్షన్. థియేటర్లో విజిళ్ళేసేదే దానికి, పేరు మాత్రం "ఎలివేషన్ బీజీఎం". 1999లోనే సంగీత దర్శకుడు రమణ గోగుల "తమ్ముడు" సినిమాలో మొత్తానికి మొత్తం ఇంగ్లీషు రాక్ పాట పెడితే, ఇంగ్లీషు ముక్క రాని మా వీధి కుర్రాళ్ళు కూడా తప్పులతో సహా పాడారు. అదే మనిషి మొన్న 2025 సంక్రాంతికి "గోదారి గట్టు" అంటూ తిరిగొస్తే ఊరూవాడా ఊగిపోయింది. బాగుంది, నేనూ ఊగాను. కానీ ఆయన చేతికి గిటార్ ఇచ్చి ఒక రాక్ పాట చెయ్యమని ఒక్క నిర్మాతా అడగడేం? నాకు తెలిసినంతలో సంక్రాంతికి డిస్టార్షన్ నిషేధమని ఏ పంచాంగంలోనూ లేదు.

చావు గురించి మాట్లాడాలంటే బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ గురించి మాట్లాడండి. 2025 జులై 5, బర్మింగ్‌హామ్, తను పెరిగిన ఆస్టన్‌లోనే ఉన్న విలా పార్క్ స్టేడియం. పార్కిన్సన్స్‌తో లేవలేక, సింహాసనంలో కూర్చునే పాడాడు. సరిగ్గా 17 రోజులకి పోయాడు, 76 ఏళ్ళకి. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను.

ఇక అసలు కోపం చెప్పేస్తా. మన ఊళ్ళో రాక్‌ని చంపింది హిప్‌హాప్ కాదు, రీల్స్ కాదు, లాప్‌టాప్ కుర్రాడు అసలే కాదు. ఐ-20. కారు కాదు, అమెరికా స్టూడెంట్ వీసా కోసం అక్కడి కాలేజీ ఇచ్చే కాయితం.

2009. మా బ్యాండ్ నలుగురం. ఇంటర్ కాలేజ్ పోటీలో ఫైనల్స్‌కొచ్చాం. మా లీడ్ గిటారిస్ట్‌కి అదే నెలలో వీసా ఇంటర్వ్యూ. చిల్కూరు బాలాజీ గుళ్ళో వాడు 11 ప్రదక్షిణలు చేస్తే పక్కన మేమూ చేశాం, స్నేహం కదా. వీసా వచ్చింది. మొక్కు తీరాక చేసే 108 ప్రదక్షిణలకి కూడా తోడెళ్ళాం. స్వామి తప్పేం లేదు, అడిగింది ఇచ్చాడు. ఫైనల్స్‌కి మూడు రోజుల ముందు వాడు టెక్సాస్ ఫ్లైటెక్కాడు. "ఇవాళ ప్రాక్టీస్ చేసి రేపిస్తా మామా" అని తీసుకెళ్ళిన నా బాస్ కంపెనీ డీఎస్-1, కాలితో తొక్కితే గిటార్‌కి ఆ గరగర తెచ్చే ఆరెంజ్ రంగు డిస్టార్షన్ పెడల్, వాడితోపాటే ఎక్కింది. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న పెడల్ అది. మేం ముగ్గురం స్టేజీ ఎక్కి, లీడ్ లేకుండా, దోమల బ్యాట్ లాంటి సౌండ్‌తో వాయించి దిగాం.

ఇవాళ ఆ లాప్‌టాప్ కుర్రాడి ఫోటో స్టేటస్‌లో పెట్టానా, రెండు నిమిషాల్లో డాలస్ నుంచి రిప్లై: "రాక్ ఈజ్ డెడ్ మామా, మిస్ దోజ్ డేస్." కింద ఏడుపు బొమ్మలు మూడు. దాంతోపాటు వాడి హోమ్ ఆఫీస్ సెల్ఫీ. వెనక షెల్ఫ్‌లో ఆరెంజ్ డబ్బా. జూమ్ చేశాను. మా అక్క నెయిల్ పాలిష్‌తో నేను వేసుకున్న గుర్తు అలాగే ఉంది. దాని మీద చిన్న బాలాజీ విగ్రహం పెట్టాడు, పీటలాగా.

ఇక్కడే నన్ను ఫాలో అవుతున్నావని తెలుసు రా. డిసెంబర్‌లో చెల్లెలి పెళ్ళికి వస్తున్నావని కూడా తెలుసు. చాక్లెట్లు వద్దు, టైగర్ బామ్ వద్దు. స్వామిని జాగ్రత్తగా పక్కకి దింపి, పెడల్ పట్టుకురా. 9 వోల్టుల బ్యాటరీ ఇక్కడ నేనే కొనుక్కుంటా.